తొలిపోటునకు హద్దు నిర్ణయించుట

మా పాఠశాల కంప్యూటరు గదిని గత సంవత్సరము ఒక వింత జబ్బు పట్టుకొన్నది. ఆషాఢమాసపు గాలులకు కరెంటు పోవుచు వచ్చుచు నుండెడి దినములవి. కరెంటు పోయినపుడు ఏ చిక్కును లేదు. తిరిగి వచ్చిన క్షణముననే చిక్కు. గదిలోని 12 కంప్యూటర్లకును కలిపి గోడమీద నమర్చిన 16 ఆంపియర్ల ఎం.సి.బి. టప్పున పడిపోయెడిది. మీట పైకెత్తినచో మరల పడెడిది. పిల్లలు ప్లగ్గులన్నియు ఊడదీసి, మీట నెత్తి, పిదప ఒక్కొక్క ప్లగ్గును పెట్టుచు వచ్చినచో మాత్రము ఏ యాటంకమును లేక అన్ని యంత్రములును నడచెడివి. అన్నియు నడచుచున్నపుడు మీటరుతో కొలిచి చూడగా, గది మొత్తము తీసికొనుచున్నది 8 ఆంపియర్లకు మించలేదు. పదునారు మోయవలసిన కావలివాడు ఎనిమిదికే ఏల చేతులెత్తవలెనని తొమ్మిదవ తరగతి బాలిక యొకతె అడిగినది. ఆ ప్రశ్నకు వెంటనే సరియైన సమాధానము చెప్పలేకపోతిమి. ఆ ఆలస్యము వలన కలిగిన నష్టమును గూర్చియు, పిదప మేమును పిల్లలును కలిసి నేర్చుకొన్న దానిని గూర్చియు ఈ వ్యాసమున వ్రాయుచున్నాము.

జబ్బునకు వైద్యుడు త్వరలోనే దొరకెను. పిలిపించిన మిస్త్రీ ఒక నిమిషము చూచి, "ఇది చిన్నదండీ, పెద్దది వేసేస్తే సరి" యని 16 ఆంపియర్ల దానిని తీసి 32 ఆంపియర్ల దానిని బిగించి పోయెను. అతని పేరుతో మనకు పని లేదు. అట్టి వైద్యము ప్రతి యూరను జరుగుచునే యున్నది. పూర్వము ఫ్యూజు కాలినపుడు సన్నని తీగకు మారుగా రాగి తీగను నాలుగు పేటలు పెట్టి చుట్టెడివారును ఈ వైద్యమునే చేసెడివారు. నాటినుండి ఎం.సి.బి. పడలేదు. అందరమును సంతోషించితిమి.

వార్షికోత్సవము దగ్గరపడినది. నాటకమునకు వేషములు వేసికొను పిల్లలకు కంప్యూటరు గదినే ఇచ్చితిమి. ఒకనాటి సాయంకాలము అక్కడి ప్లగ్గులకే రెండు ఇస్త్రీపెట్టెలును, తేనీటికై నీళ్లు కాచు కెటిలును తగిలించిరి. కంప్యూటర్లకు 8 ఆంపియర్లు, ఇస్త్రీపెట్టెలకును కెటిలునకును కలిపి సుమారు 17 ఆంపియర్లు, మొత్తము 25. గోడలోని పాత తీగలు 16 ఆంపియర్లకు మించి మోయదగినవి కావు. 32 ఆంపియర్ల కావలివానికి మాత్రము 25 అనగా లెక్కలోనిదే కనుక అతడు కదలలేదు. అరగంటకు కాలిన వాసన వచ్చినది. స్విచ్చిబోర్డు పలక గోధుమరంగు తిరిగి, దాని వెనుక తీగల తొడుగులు మెత్తబడి యొకదాని కొకటి అంటుకొని యుండెను. ఆ సమయమున గదిలో తొమ్మిదిమంది పిల్లలున్నారు. ఎవరికిని ఏమియు కాలేదు. ఆ మాట వ్రాయగలుగుచున్నందుకు మాకు ఈనాటికిని గుండె కుదుటపడుచున్నది.

ఎం.సి.బి. అను దానిని మన యంత్రములను కాపాడుటకు పెట్టుదురని చాలమంది అనుకొందురు. నిజమునకు అది మొట్టమొదట కాపాడునది గోడలోని తీగను. తీగ లావును బట్టి దాని అంకె నిర్ణయింపబడును. తీగను మార్చక ఆ అంకెను మాత్రము పెంచుట, వంతెనను బాగుచేయక "ఇంత బరువుకు మించి పోరాదు" అను పలకమీది అంకెను దిద్దుట వంటిది.

అయినను బాలిక యడిగిన ప్రశ్న అట్లే మిగిలియున్నది. 8 ఆంపియర్లకే అది పడుట మాత్రము ఏమి న్యాయము?

దీనికి సమాధానము ఆ మొదటి క్షణమున నున్నది. స్విచ్చి వేసిన తోడనే అనేక యంత్రములు తమ నిత్యపు గ్రాసము కంటె ఎన్నోరెట్లు ప్రవాహమును ఒక్క గుక్కలో తీసికొనును, వెంటనే శాంతించును. దీనికి తెలుగున నిలుకడయైన పేరేదియు మాకు పాఠ్యపుస్తకములలో కనబడలేదు. ఇతర భాషా రాష్ట్రమున తెలుగుబడి నడుపువారికి ఈ కష్టము అలవాటే; పదము లేనిచో పిల్లవాడు వస్తువే లేదనుకొనును. కావున మేమే యొక పదము కూర్చుకొంటిమి. సముద్రపు ఆటుపోట్లలోని పోటును తీసికొని దీనికి తొలిపోటు అని పేరు పెట్టితిమి. ఇంతకంటె మంచి పదము తోచినవారు మాకు వ్రాయుదురుగాక.

తొలిపోటును అందరును ఎరుగుదురు, పేరు మాత్రమే ఎరుగరు. పాతకాలపు 100 వాట్ల బల్బును తీసికొనుడు. 230 వోల్టుల యొద్ద అది వెలుగుచుండగా దాని తీగ నిరోధము 529 ఓములు; ప్రవాహము 0.43 ఆంపియరు. ఆ టంగ్‌స్టన్ తీగ చల్లగా నున్నపుడు నిరోధము ఇందులో పండ్రెండవ వంతునకును తక్కువ కావచ్చును. 40 ఓములని యనుకొన్నను, మీట నొక్కిన క్షణమున దాదాపు 6 ఆంపియర్లు పారును. తీగ కాగిన కొలదిని నిరోధము పెరిగి, సెకనులో కొన్ని నూరవ వంతులలోనే ప్రవాహము తగ్గిపోవును. బల్బులు వెలుగుచున్నపుడు కంటె వేసిన క్షణముననే ఎక్కువగా మాడిపోవుటకు ఈ దెబ్బ యొక కారణము.

పొలములలో మోటార్లు నడుపు ఇండ్ల పిల్లలకు ఇంకొక సాక్ష్యము కలదు. ఇండక్షన్ మోటారు నిలిచియున్న స్థితినుండి తిరుగ నారంభించునపుడు నిండుభారపు ప్రవాహమునకు ఐదారు రెట్లు, ఒక్కొక్కప్పుడు ఏడు రెట్లు తీసికొనును. బావిమోటారు వేయగానే ఇంటిలోని దీపములు ఒక్కసారి మినుకుమనుట ఇందువలననే. స్టార్ డెల్టా స్టార్టరు అను పెట్టెను వాడుదురే, దాని పని యంతయు ఈ తొలిపోటును మూడవ వంతునకు దించుట. కంప్యూటర్లలోని కారణము మాత్రము వేరు. అక్కడ తిరుగు మోటారును కాదు, కాగు తీగయును కాదు. నింపవలసిన పాత్ర యున్నది.

ఆ పాత్రయే కెపాసిటరు. కంప్యూటరునకు కరెంటు నిచ్చు పెట్టెలో ఇంటి కరెంటును ఏకముఖ ప్రవాహముగా మార్చి నిలువచేయు పెద్ద కెపాసిటరు ఒకటి యుండును. కరెంటు లేనపుడు అది వట్టిపోయి యుండును. ఖాళీ తొట్టికి పెద్ద గొట్టము తెరచినట్లు, కరెంటు రాగానే అది నిండువరకును విరివిగా త్రాగును. సామాన్యముగా ఒక్కొక్క యంత్రము ఈ విధమున కొన్ని మిల్లీసెకన్లపాటు ముప్పది నలువది ఆంపియర్లు తీసికొనవచ్చును. పన్నెండును ఒక్కమారే త్రాగినచో ఏమగునో చెప్పనక్కరలేదు. ఒక్కొక్క ప్లగ్గును పెట్టినపుడు మాత్రము గుక్కలు వేర్వేరు క్షణములలో పడును గనుక కావలివాడు ఊరకుండును.

ఈ పెట్టెలు చేయువారు తొలిపోటును ఎరుగనివారు కారు. అనేక పెట్టెలలో ప్రవేశద్వారము నొద్దనే థర్మిస్టరు అను చిన్న బిళ్ల నుంచుదురు. చల్లగా నున్నపుడు దాని నిరోధము కొన్ని ఓములు. ప్రవాహమునకు కాగిన పిదప మిక్కిలి స్వల్పము. బల్బు తీగకు ఇది సరిగా తలక్రిందు. మొదటి గుక్కను అది అడ్డగించి, పిదప తాను కాగి దారి విడుచును. తెలివైన ఏర్పాటే. కాని దీనిలో ఒక లోపమున్నది, అదియే మన యూళ్లలో బయటపడును. కరెంటు పోయి పది సెకన్లలోనే తిరిగి వచ్చినదనుకొనుడు. కెపాసిటరు అప్పటికే వట్టిపోయినది. బిళ్ల మాత్రము ఇంకను వేడిగా నున్నది. అడ్డగించువాడు లేడు. పొద్దున్నే గది తెరచి యంత్రములు వేసినపుడు రాని చిక్కు, కరెంటు పోయి వచ్చినపుడే వచ్చుటకు ఇదియే హేతువు. ఎడతెగక కరెంటుండు దేశములలో ఈ లోపము ఎవరి కంటను పడకపోవచ్చును.

ఇక కావలివాని సంగతి. 1924లో జర్మనీలోని మాన్‌హైమ్ నగరమున హ్యూగో స్టోట్జ్ అనునతని సంస్థ రూపొందించిన చిన్న బ్రేకరు మన ఎం.సి.బి.కి మూలపురుషుడు. దాని గొప్ప అంతయు ఒక పెట్టెలో ఇద్దరు కావలివారిని కూర్చుండబెట్టుటయే. ఒకడు నిదానస్థుడు: రెండు లోహముల పట్టీ. ప్రవాహము హద్దు మీరిన కొలదిని అది కాగి వంగి మీటను విడిపించును. స్వల్పముగా మీరినచో అరగంటయైనను తీసికొనును, బాగుగా మీరినచో కొన్ని సెకన్లు చాలును. రెండవవాడు ముంగోపి: అయస్కాంతపు తీగచుట్ట. ప్రవాహము ఒక మేర దాటినచో అది క్షణమైనను ఆగదు. 16 అను అంకె నిదానస్థునిది. ముంగోపి కదలు మేరను ఆ యంకెకు ముందున్న అక్షరము చెప్పును. బి అనినచో మూటికిని ఐదింటికిని నడుమ రెట్లు. సి అనినచో ఐదింటికిని పదింటికిని నడుమ. డి అనినచో పదింటికిని ఇరువదింటికిని నడుమ.

మా గోడమీద మొదట నున్నది బి తరగతి 16 ఆంపియర్లది. అనగా 80 ఆంపియర్ల లోపుననే, ఒకవేళ 48 దాటగానే, ముంగోపి లేచును. 12 కంప్యూటర్ల తొలిపోటును అతడు దొంగతనమనుకొనుటలో ఆశ్చర్యమేమి? మిస్త్రీ మార్చవలసినది అక్షరమును, మార్చినది అంకెను. సి తరగతి 16 ఆంపియర్ల దానిని పెట్టియున్నచో క్షణికమైన పోటును ఎక్కువగా ఓర్చుకొనును, కాని ఇస్త్రీపెట్టెలు చేరిన 25 ఆంపియర్లకు మాత్రము నిదానస్థుడు తన పని తాను చేసియుండును. తరువాత మేము చేసినది ఇదియే. కాగిన తీగలను తీసి 2.5 చదరపు మిల్లీమీటర్ల క్రొత్త తీగలు వేయించి, గదిని ఆరేసి యంత్రముల రెండు దారులుగా విడదీసి, ఒక్కొక్క దారికి సి తరగతి 16 ఆంపియర్ల ఎం.సి.బి. నమర్చితిమి.

అక్షరమును పెంచుటలోను ఊరకయే పెంచరాదు. ముంగోపి ఓర్పు పెరిగిన కొలదిని నిజమైన షార్టు కలిగినపుడు కూడ అతడు కదలుటకు అంత ప్రవాహము రావలెను గదా. సి 16కు పదిరెట్లు, అనగా 160 ఆంపియర్లు, తప్పక రావలెను. 230ని 160తో భాగించిన 1.44. అనగా షార్టు దారి మొత్తపు నిరోధము, ఎర్తుతో సహా, 1.44 ఓములకు మించరాదు. ఎర్తు గొయ్యి ఎండిపోయిన బడిలో ఇది సులభముగా మించును. మా దారిని కొలిపించగా 0.9 ఓము వచ్చినది. సుమారు 255 ఆంపియర్లు పారగలవు కనుక సరిపోయినది. మీ బడిలో మార్పు చేయదలచినచో, ఈ కొలత తీయక ముందు ఎవరిని గాని ఎం.సి.బి.ని తాకనీయవద్దు.

ఇంతవరకు హద్దును కర్మాగారమువారు నిర్ణయించి యిచ్చిరి. మనము ఎన్నుకొనుట మాత్రమే. హద్దును మనమే చేతితో నిర్ణయించు సందర్భము ఈ సంవత్సరము విజ్ఞాన ప్రదర్శనమునకై పిల్లలు చేసిన తోటపంపు వలన వచ్చినది. దానిని కొంత విస్తరించి వ్రాయుదుము. ఏలయనగా ఇందులో అంకెలు చిన్నవి, పట్టుకొన్నను షాకు కొట్టవు, తప్పులన్నియు పిల్లలు తామే చేసి తామే దిద్దుకొనిరి.

పనిముట్టు ఇట్టిది. మట్టి ఎండినదో లేదో చూచి, ఎండినచో చిన్న పంపుతో మొక్కలకు నీరు పెట్టవలెను. అరచేయి యంత కంప్యూటరు పలక యొకటి. 5 వోల్టుల, 2 ఆంపియర్ల అడాప్టరొకటి. పలక స్వయముగా 0.8 ఆంపియరు తీసికొనును. పంపు నడచునపుడు 0.4 ఆంపియరు; దాని మోటారు తిరుగక నిలిచియున్నచో నిరోధము 8 ఓములు, కావున 5 వోల్టులకు 0.625 ఆంపియరు. పంపు ప్రక్కన 2200 మైక్రోఫారడ్ల కెపాసిటరు. కూడిక చూడగా 0.8కి 0.4 చేరి 1.2, అడాప్టరు 2 ఆంపియర్లది. భయమేమియు లేదనుకొనిరి.

మొదట మామూలు ట్రాన్సిస్టరును స్విచ్చిగా వాడిరి. పంపును వేసిన ప్రతిసారియు కంప్యూటరు పలక ఆరిపోయి మరల మొదటినుండి మేలుకొనెడిది. పలకమీది కెపాసిటరు 470 మైక్రోఫారడ్లది. నిండు చెంబును ఖాళీ బిందెతో గొట్టము వేసి కలిపినచో చెంబులోని నీరు అడుగంటునుగదా! 470 నిండుగా, 2200 ఖాళీగా ఉండి కలిసినచో, అడాప్టరు సాయము చేయులోపల 5 వోల్టులు 0.9 వోల్టునకు దిగిపోవును. ఏ కంప్యూటరును దానిని ఓర్వలేదు.

అప్పుడు పవరు స్విచ్చి అను చిప్పును తెచ్చిరి. పరిమాణమున బియ్యపుగింజ కంటె కొంచెము పెద్దది. దానిలో ట్రాన్సిస్టరును, దానిగుండ పోవు ప్రవాహమును కొలుచు ఏర్పాటును, హద్దు వచ్చినంతనే ట్రాన్సిస్టరును పాక్షికముగా మూసి ప్రవాహమును అచ్చటనే నిలిపియుంచు ఏర్పాటును గలవు. ఎం.సి.బి.కిని దీనికిని భేదమిదియే: అది హద్దు దాటిన తెంచివేయును, ఇది తెంచక, కుళాయిని కొంత మూసినట్లు, హద్దు నొద్ద పట్టియుంచును. హద్దు ఎంత యుండవలెనో ఒక కాలునకు మనము కట్టు రెసిస్టరు నిర్ణయించును. రెసిస్టరు పెద్దదైన హద్దు చిన్నది. మా చిప్పులో 17 కిలోఓములకు ఇంచుమించు 1.5 ఆంపియర్లు, 32 కిలోఓములకు 0.8, 66 కిలోఓములకు 0.4 వచ్చును. ఇవి సగటు విలువలు. చిప్పునకు చిప్పునకు నూటికి పదివంతులు అటునిటు కావచ్చును.

పిల్లలు మొదట 17 కిలోఓములు కట్టిరి. ధారాళముగా ఇత్తమని వారి యూహ. తొలిపోటులో 1.5, పలకకు 0.8, మొత్తము 2.3, అడాప్టరు సత్తువ 2. పలక మునుపటివలె ప్రతిసారి కాకపోయినను తరచుగా ఆరిపోవుచు వచ్చెను. అప్పుడప్పుడు వచ్చు జబ్బు ఎప్పుడును వచ్చు జబ్బు కంటె చెడ్డది; దానిని వెదకుటకు మూడు దినములు పట్టినది.

పిదప పిల్లలు రెండవ కొసకు పోయిరి. పంపునకు కావలసినది 0.4 కనుక హద్దు 0.4 చాలునని 66 కిలోఓములు కట్టిరి. పలక ఆరిపోలేదు. పంపును తిరుగలేదు. గుయ్యిమని మూలిగి ఆగును. కొంతసేపటికి మరల మూలుగును. ఇందులోని రహస్యము తెలిసినపుడు పిల్లల కన్నులు వెలిగిన విధము మాకు జ్ఞాపకమున్నది. పంపులో సన్నని ఇసుక చేరి కొంత బిగిసినది. నిలిచిన మోటారు 8 ఓముల నిరోధమే, 0.4ను 8తో గుణించిన 3.2 వోల్టులు. అనగా వోల్టేజి 3.2 వరకు ఎక్కి అచ్చటనే ఆగును. అంతకు మించి ఎక్కుటకు కెపాసిటరునకు మిగులు ప్రవాహము లేదు; ఉన్నదంతయు మోటారే త్రాగుచున్నది. ఎక్కనిదే మోటారు తిరుగదు, తిరుగనిదే దాని దాహము తగ్గదు. మిగిలిన 1.8 వోల్టులను చిప్పు తనపై వేసికొని 0.7 వాటు వేడిమిగా భరించవలెను. అంత చిన్న వస్తువునకు అది మోయరాని వేడి. అది కాగి, తన్ను తాను కాపాడుకొనుటకై మూసికొనును. చల్లారి మరల తెరచును. ఆ మూలుగు దానిదే.

హద్దు ఎక్కువైనచో ఇరుగుపొరుగువారు పడిపోవుదురు. తక్కువైనచో తానే లేవలేదు. ఈ రెంటికి నడుమ చోటున్నదా లేదా యని లెక్కించుటయే ఈ పనిలోని ప్రధానవిషయము. పై మేర: అడాప్టరు 2లో పలకకు 0.8 పోగా 1.2. క్రింది మేర: నిలిచిన మోటారు త్రాగగల 0.625. హద్దు ఈ రెంటి నడుమ నుండవలెను, నూటికి పది తేడా వచ్చినను ఉండవలెను. 32 కిలోఓములతో 0.8 పెట్టినచో, చిప్పు తప్పినను 0.72కును 0.88కిని నడుమనే యుండును. పై ప్రక్క 0.88కి 0.8 చేర్చిన 1.68, అడాప్టరు ఓర్చును. క్రింది ప్రక్క 0.72లో మోటారునకు 0.625 పోయినను కెపాసిటరునకు 0.095 మిగులును. వోల్టేజి నెమ్మదిగానైనను ఎక్కితీరును.

ఎంత నెమ్మదిగా? 2200 మైక్రోఫారడ్లను 5 వోల్టులతో గుణించిన 11 మిల్లీకూలుంబుల ఆవేశము. దానిని ప్రవాహముతో భాగించిన కాలము వచ్చును. మోటారే లేనిచో 0.8తో భాగింపగా 14 మిల్లీసెకన్లు. మోటారు మొండిగా నిలిచి, చిప్పును తక్కువ ప్రక్కకు తప్పినచో 0.095తో భాగింపగా సుమారు 116. ఈ కాలము ఏల కావలెననగా, చిప్పునకు ఫిర్యాదు కాలు ఒకటి కలదు. ప్రవాహము హద్దునంటి కొన్ని మిల్లీసెకన్లు గడచినచో, అది "ఇక్కడ ఏదో తప్పున్నది" అని కంప్యూటరునకు తెలుపును. పిల్లల ప్రోగ్రాము మొదట ఆ ఫిర్యాదు వినగానే పంపును ఆపుచుండెను. తొలిపోటును నేరముగా నెంచు అదే పొరపాటు, ఈసారి మా పిల్లలే చేసిరి! ఇప్పుడు ఆ ప్రోగ్రాము 150 మిల్లీసెకన్లు చెవి మూసికొని, పిదప వినును.

పని ముగిసినదనుకొంటిమి. కాని ప్రశ్న వేయు బాలిక ఉన్నదే, ఆమె మరల వచ్చినది. నడుచుచున్న పంపులో ఆకు అడ్డుపడి మోటారు నిలిచిపోయినచో 0.625 పారును గదా, హద్దు 0.8 గదా, చిప్పునకు ఎట్లు తెలియునని ఆమె ప్రశ్న. నిజమే. తొలిపోటునకై పెంచిన హద్దు, నడకలోని తప్పును కప్పిపుచ్చుచున్నది. మోటారు గంటలకొలది నిలిచి కాగి మాడిపోవును. మిస్త్రీ 32 ఆంపియర్లది పెట్టి చేసినదియు, ఆలోచించి చూడగా, ఇదియే.

పెద్ద యంత్రములలో ఈ చిక్కును ఏనాడో తీర్చిరి. కర్మాగారపు పెద్ద బ్రేకర్లపై తిప్పుటకు వేర్వేరు మీటలుండును: నిలకడ ప్రవాహమున కొకటి, క్షణికపు పోటున కొకటి. మా చిప్పునకు అట్టి మీటలు లేవు; ఒకే కాలు, ఒకే రెసిస్టరు. పిల్లలు దానితోనే రెండు హద్దులు సాధించిరి. 50 కిలోఓముల రెసిస్టరును శాశ్వతముగా కట్టి, దానికి సమాంతరముగా 91 కిలోఓములను ఒక చిన్న ట్రాన్సిస్టరు ద్వారా కలిపిరి. ఆ ట్రాన్సిస్టరును ప్రోగ్రాము మొదటి 150 మిల్లీసెకన్లు మాత్రము తెరచియుంచును. 50ని 91తో సమాంతరముగా కలిపిన 32 కిలోఓములు, హద్దు 0.8. పిదప 91 తొలగిపోయి 50 మిగులును. హద్దు సుమారు 0.52. చిప్పు తేడా పడినను 0.57కు మించదు. నడకకు కావలసిన 0.4 దానికి లోబడియున్నది, నిలిచిన మోటారు 0.625 దానికి మించియున్నది. ఇప్పుడు ఆకు అడ్డుపడిన తోడనే చిప్పు ఫిర్యాదు చేయును, పంపు ఆగును, చిన్న గంట మ్రోగును.

పొలమునకును, బడికిని, అరచేతి పలకకును ధర్మమొక్కటే యయినను ప్రతి చోటను పరిష్కారము వేరు. కొన్నిచోట్ల హద్దును కదలింపక పోటునే తగ్గింతురు. స్విచ్చిని ఒక్కమారు తెరువక నెమ్మదిగా తెరచినచో, 2200 మైక్రోఫారడ్లు 50 మిల్లీసెకన్లలో 5 వోల్టులకు ఎక్కుటకు 0.22 ఆంపియరు చాలును. యు.ఎస్.బి. ప్లగ్గుల నిబంధనలు వ్రాసినవారు ఇరుప్రక్కలను కట్టడి చేసిరి. 2000 సంవత్సరమున వెలువడిన రెండవ నిబంధనావళి ప్రకారము, తగిలించు వస్తువు తొలిక్షణమున 10 మైక్రోఫారడ్లకు మించి చూపరాదు. ఇచ్చు పెట్టె తన ద్వారముల వెనుక కనీసము 120 మైక్రోఫారడ్లు నిలువ ఉంచవలెను. బిందెను చెంబునకు తగిలింపరాదని, చెంబునే బిందెకు తగిలింపవలెనని దీని భావము.

ప్రదర్శనము ముగిసిన పిదప ఆ పంపును బడి తోటలోని కరివేపాకు మొక్కల నడుమ అమర్చితిమి. ఇంతవరకు గంట నాలుగు మారులు మ్రోగినది. మూడుసార్లు ఆకు, ఒకసారి నత్త. ఇప్పుడు అదే అడాప్టరునకు రెండవ పంపును కలుపవలెనని పిల్లల పట్టు. మొదటి పంపు నడుచుచుండగా రెండవది మొదలైనచో 0.8కి 0.4, ఆపై 0.88 చేరి 2.08 అగును. అడాప్టరు 3 ఆంపియర్లది కొనవలెనా, లేక రెండవ పంపును ఎప్పుడును మొదటిది ఆగిన పిదపనే నడుపవలెనా యని ఈ వ్యాసము వ్రాయునాటికి తరగతి గదిలో వాదము జరుగుచున్నది.